తుడవకుండా ఆరువందల తూటాలు

2022 డిసెంబరు. శ్రీకాకుళంలో నా తుపాకుల మరమ్మతు దుకాణం. దుకాణమంటే ఒక చిన్న గది, ఇనుము బిగించి పట్టే ఒక వైస్, గోడకు లైసెన్సు, దాని పక్కన మా నాన్న ఫొటో. తనిఖీకి వచ్చినవాళ్లు లైసెన్సు కంటే ఫొటోనే ఎక్కువసేపు చూస్తారు. ఆయన మీసం అలాంటిది.

ఈ పనిలో ముప్పయ్యేళ్లుగా ఉన్నాను. బ్యాంకు గార్డుల తుపాకులు ఏళ్ల తరబడి పేలవు కాబట్టి వాటిలో సాలెపురుగులు సంసారాలు పెడతాయి. పంట కాపలా తుపాకులు మాత్రం అవసరానికి మించి పేలతాయి. ఒకసారి ఒక రైతు తుపాకీ గొట్టంలో కందిరీగలు గూడు కట్టాయి. ఆయన అడవిపందిని బెదరగొట్టడానికి పేలిస్తే గుండు ముందు వెళ్లింది, కందిరీగలు వెనక వెళ్లాయి. పంది భయపడలేదు సరికదా, మర్నాడు పిల్లల్ని కూడా తీసుకొచ్చింది చూపించడానికి. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతూ ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆ నెల మొదటి వారంలో నూకరత్నం వచ్చింది. శ్రీకూర్మం దగ్గర తీరం పల్లె. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఈ పిల్ల డిగ్రీ చదువుతూ రైఫిల్ షూటింగ్‌లో చేరి, చదువు అయిపోయాక కూడా దాన్ని వదల్లేదు. వయసు ఇరవైనాలుగు. మా ఊరి చివర ఒక చిన్న షూటింగ్ క్లబ్బు ఉంది. అక్కడి రెండో నంబరు రైఫిల్‌తోనే ఆమె అభ్యాసం. ఆమెతోపాటు క్లబ్బు సెక్రటరీ గారు కూడా రైఫిల్ పెట్టె పట్టుకుని వచ్చారు. ఆయన నరసన్నపేటలో హార్డ్‌వేర్ వ్యాపారి. చేతిలో కాగితం లేకుండా ఆయన మేకు కూడా బయటికి పంపరు.

అది పాయింట్ టూటూ రైఫిల్, అంటే చిన్న తూటాది. రిమ్‌ఫైర్ అంటాం. పెద్ద తూటాలకి అడుగున నడిమధ్య దెబ్బ తగిలితే పేలతాయి. దీనికి అడుగు అంచులోనే మందు ఉంటుంది. ఫైరింగ్ పిన్, అంటే తూటాని కొట్టే సూది, ఆ అంచు మీద గట్టిగా కొట్టాలి. మెల్లగా కొడితే తూటా ఊరుకుంటుంది. ఈ రైఫిల్ జబ్బు అదే. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మంటుంది తప్ప పేలదు. జిల్లా పోటీలో అరవై షాట్లకి ఆమెకి మూడుసార్లు అలా అయింది. అలా జరిగినప్పుడు వెంటనే బోల్టు, అంటే తూటా వెనక సూదిని పట్టుకుని ఉండే కడ్డీ, లాగకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. పోటీలో ఆ అర నిమిషంలో చెదిరిన ఊపిరి మళ్లీ కుదురుకోవడానికి పది నిమిషాలు పడుతుంది.

రాష్ట్ర జట్టు ఎంపికలు విజయనగరంలో మూడు వారాల్లో ఉన్నాయి. ఈలోగా జబ్బు కుదరకపోతే రైఫిల్‌ని పక్కన పెట్టేస్తానని సెక్రటరీ గారు తేల్చేశారు. ఇంకో రైఫిల్ ఇవ్వడానికి క్లబ్బులో లేదు. రైఫిల్ లేకపోతే ఆమె పేరు కూడా పంపరు. అంతటితో ఆగితే బాగుండేది.

“సముద్రం సేతులమ్మా నీవి. ఉప్పు తగిల్తే ఇనుము ఊరుకుంటాదా? లోపల తుప్పు పట్టుంటాది” అన్నారు.

నూకరత్నం చేతులు చున్నీ కింద పెట్టుకుంది.

నేను నా పద్ధతిలో శుభ్రం చేశాను. గొట్టంలో రాడ్డు పెట్టి, గుడ్డ తోసి, అద్దంలా మెరిసేదాకా తోమాను. బోల్టు రంధ్రంలో రెండు చుక్కల నూనె వేశాను. క్లబ్బుకి తీసుకెళ్లి ఇరవై తూటాలు పేలిస్తే ఇరవైకి ఇరవై పేలాయి. మా నాన్న ఫొటో వైపు చూసి మీసం దువ్వుకున్నాను. నాలుగో రోజు వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. అదే జబ్బు. మళ్లీ తోమాను, మళ్లీ నూనె. ఇంకో నాలుగు రోజులకి మూడోసారి వచ్చారు. నేను రాడ్డు చేతిలోకి తీసుకోగానే ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

“బాబాయ్, నాకొకటి సెప్పు. నువ్వు తుడిసిన రెండ్రోజులూ ఇది బంగారంలాగ పేల్తాది. మూడో రోజుకి మొరాయిస్తాది. మనం రోగం పోగొడతన్నామా, దాస్తన్నామా?”

తర్వాత వాళ్ల నాన్న పడవ ఇంజిన్ సంగతి చెప్పింది. ఒడ్డున బాగానే ఆడేదట, లోపలికి వెళ్తే ఆగిపోయేదట. మేస్త్రీ వచ్చిన ప్రతిసారీ విప్పి, కడిగి, బిగించి వెళ్లేవాడు. చివరికి తండ్రికి విసుగొచ్చి, దీన్ని ఎవరూ ముట్టకండి, ఆగేదాకా ఆడనివ్వండి, ఆగిన చోట ఆగినట్టే విప్పి చూద్దాం అన్నాడట.

“అలాగ సూస్తే ఏటి దొరికింది?” అన్నాను.

“మేస్త్రీ మర్సిపోయిన గుడ్డ పేలిక. డీజిల్ గొట్టం నోట్లో.”

నేను ఆ మేస్త్రీని తలుచుకుని పగలబడి నవ్వాను. ఈ నవ్వు గుర్తుపెట్టుకోండి.

ఆమె అడిగింది ఇదీ. ఈ ఒక్కసారి రైఫిల్‌ని ఎప్పటిలాగే తోమి నూనె వేసి, ఆ తర్వాత తుడవకుండా, నూనె వేయకుండా రోజుకి వంద తూటాలు పేలుస్తూ పోవాలి. ఎన్నో తూటాకి ఎలా ఆగిందో రాసుకోవాలి. ఆగాక దాన్ని తుడవకుండానే విప్పాలి. మా వంశంలో తుపాకీని తుడవకుండా పడుకోవడం, పసిపిల్లకి పాలు పట్టకుండా పడుకోవడం ఒకటే. కానీ ఆ తూటాలు ఆమె అభ్యాసం కోటాలోవి, ఎంపికల ముందు వాటిని పందెం కాస్తున్నది ఆమె. నేను కాదనలేకపోయాను. సెక్రటరీ గారు మాత్రం ఒక షరతు పెట్టారు. విప్పినప్పుడు తుప్పు కనబడిందంటే రైఫిల్ పక్కకే, ఇక వాదన ఉండకూడదన్నారు.

మొదటి రోజు వంద తూటాలూ పేలాయి. సాయంత్రం ఆమె రైఫిల్ పెట్టెలో పెడుతుంటే నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

“ఆ నూనె డబ్బా ఇలాగియ్యి బాబాయ్.”

“ఏ డబ్బా?”

“ఎడం జేబులోది. కుడి జేబులో గుడ్డ కూడాను.”

రెండూ ఇచ్చేశాను. రెండో రోజూ వంద పేలాయి. మూడో రోజు, ఆమె లెక్క రాసుకునే పుస్తకం ప్రకారం రెండువందల ముప్పయ్యొకటో తూటాకి ‘టిక్’ మంది. అర నిమిషం ఆగి తీసి చూశాం. తూటా అంచు మీద సూది గుర్తు గోటితో గీసినంత పల్చగా ఉంది. గొట్టం వెనక తను కూర్చునే గదిలోంచి తూటా తేలిగ్గానే బయటికొచ్చింది. అంటే మసి అడ్డుపడలేదు, నేను పూటలకి పూటలు తోమిన గొట్టంలో ఏ తప్పూ లేదు. సూదే సరిగా దూకడం లేదు. ఇంకో పది తూటాల్లో మరో రెండు అలాగే ఆగాయి.

తెల్లకాగితం పరిచి, దాని మీద బోల్టు విప్పాను. ఇన్నేళ్లలో ఆ రైఫిల్ బోల్టుని పూర్తిగా విప్పడం అదే మొదటిసారని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సూది బయటికి రానంది. ఇంకో ఇనుప ముక్కతో తోస్తే వచ్చి కాగితం మీద పడింది, దాంతోపాటు ఎర్రటి జిగురు ముద్ద.

“సెప్పానా, తుప్పే కదా?” అన్నారు సెక్రటరీ గారు.

నేను ముప్పయ్యేళ్లుగా ఎన్నో కథలు చెప్పాను. వాటన్నిటిలోకీ తేలికైన అబద్ధం అప్పుడు నోటి చివర ఉంది. ‘ఔను’ అంటే చాలు. నూకరత్నం వంగి ఆ ముద్దని వాసన చూసింది. తలెత్తి నా వైపు చూసింది. చెప్పేదేదో నన్నే చెప్పనిచ్చింది.

“తుప్పు కాదండీ. కుంకం. నాది” అన్నాను.

ఏటా దసరా ముందు క్లబ్బు రైఫిళ్లు నా దగ్గరికి తనిఖీకి వస్తాయి. ఆయుధ పూజ అయ్యాకే తిరిగి ఇస్తాను. మా నాన్న గొట్టం మీద బొట్టు పెట్టేవాడు. నాకు అది జారిపోతుందని బాధ. బోల్టు పక్క భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. తూటా ఎప్పుడైనా చిట్లితే లోపలి వాయువు బయటికి పోవడానికి దాన్ని పెడతారు. నాకది బొట్టు కోసమే దేవుడు తవ్వించిన గుంటలా కనబడింది. ఐదు దసరాలుగా గంధం, పసుపు, కుంకుమ బొటనవేలితో అందులోకే కూరుతున్నాను. పైగా ప్రతి మరమ్మతుకీ అదే రంధ్రంలో రెండు చుక్కల నూనె. నూనె తడికి ముద్ద మెత్తబడి రెండ్రోజులు సూది జారేది. మూడో రోజుకి మసితో కలిసి బంకయ్యేది. నా వైద్యమే జబ్బన్నమాట. గొట్టంలో పేలిక మరిచిన మేస్త్రీని చూసి నవ్విన నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సెక్రటరీ గారు కూడా వంగి ఆ ముద్దని వాసన చూశారు. తర్వాత ఆ పిల్లతో, “సేతుల గురించి అన్న మాట తప్పమ్మా” అన్నారు.

“సేతులదేటుంది సార్. రైఫిల్ ఇప్పించండి, సాలు” అంది.

బోల్టు లోపలి భాగాలు పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క నూనె లేకుండా బిగించాను. గొట్టం జోలికి పోలేదు. ఆమె పుస్తకంలో కొత్త పేజీ తీసింది. రోజుకి వంద చొప్పున ఆరు రోజులు పేల్చింది, ఎవరూ తుడవలేదు. ఒక్క తూటా కూడా ఆగలేదు. పైగా మొదటి యాభై దాటాక గుండ్లు ఇంకా దగ్గర దగ్గరగా పడ్డాయి. గొట్టం లోపల గుండ్లు వదిలే సీసం, మైనం ఒక పల్చటి పొరలా సర్దుకుంటే గుండు నిలకడగా వెళ్తుంది. నేను మెరిసేలా తోమిన ప్రతిసారీ ఆ పొరని తీసేసి, అభిమానంగా ఆ పిల్ల గురిని చెడగొట్టానన్నమాట.

ఎంపికల రోజు నాకు దుకాణంలో చేతులాడలేదు. మధ్యాహ్నం ఫోనొచ్చింది.

“బాబాయ్, అరవైకి అరవై పేలాయి. నలభైయొకటీ నలభైరెండూ పక్కకెళ్లిపోయాయి. జట్టులో రాలేదు, రిజర్వులో ఉన్నాను.”

నేను ఏదో ఓదార్పు మొదలుపెట్టాను. ఆమె ఆపేసింది. “ఆ రెండూ నావే బాబాయ్, రైఫిల్‌వి కావు. ఎంత హాయిగా ఉన్నాదో నీకు తెలీదు.”

మరుసటి ఏడాది ఆమె జట్టులోకి వచ్చింది, అదే రైఫిల్‌తో.

నమ్మకమైన పనిముట్టు అంటే మెరిసేది కాదని, మనిషి తప్పుని మనిషికే వదిలేసేదని ఆ రోజు ఫోనులో తెలిసింది. ఏ తుపాకీ వచ్చినా ఇప్పుడు ముందు తుడవను. జబ్బు ఎలా ఉందో అలాగే చూస్తాను, అందులో నా వేలిముద్ర ఉందేమో ముందు వెతుకుతాను. ఇది నాకు నేర్పినందుకు ఆ పిల్లకీ, ఇంజిన్‌ని ముట్టొద్దన్న వాళ్ల నాన్నకీ ఎప్పుడూ రుణపడి ఉంటాను. అంతకంటే ఎక్కువగా, ‘కుంకం’ అన్న మాట నా నోటే రావడానికి ఆమె ఓపిక పట్టినందుకు.

దసరాకి ఇప్పుడూ బొట్టు పెడతాను. నూకరత్నం వచ్చి, బోల్టులన్నీ తీసి దూరంగా పెట్టాకే కుంకుమ భరిణె నా చేతికిస్తుంది. రైఫిల్ చెక్క పిడి మీద మాత్రమే పెట్టాలి. మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టి, ఇక్కడైతే సూదికి అడ్డురాదంటుంది.

ఆమె పుస్తకం నా దుకాణంలోనే, మా నాన్న ఫొటో కింద ఉంటుంది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ తూటాలు రెండువేలని చెప్పాలని నాలుక పీకుతుంది. కానీ వినేవాళ్లు చెయ్యి చాచి పుస్తకం తీస్తారు. ఆరువందలే. ఒక్కటి కూడా పెంచలేదు.