బీరువాలో మందారం

మా అత్త బీరువాలో కింది అర ఖాళీ చేయించడమంటే మాటలు కాదు. ఆ అరలో ఆమె పెళ్లినాటి పట్టుచీరలుంటాయి. చీరల మడతల్లో తెల్లటి కలరా ఉండలుంటాయి. బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉంటుంది. అలాంటి మనిషి నా ఉద్యోగం కోసం ఆ చీరలన్నీ తీసి మంచం మీద కుప్ప పోసి, "ఇంద, పెట్టుకో నీ చెట్టును" అంది. నేను లోపల పెట్టింది చిన్న కుండీలో ఉన్న మందార మొక్కను.

ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. చూలైలో మా ఇంటికి రెండు వీధుల అవతలున్న బడిలో నేను సైన్సు చెప్తాను. అప్పటికి రెండేళ్లుగా తాత్కాలిక టీచర్నే. ఆ ఏడాది పర్మనెంటు చేస్తామన్నారు, కాకపోతే హెడ్మిస్ట్రెస్ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలన్నారు. అది బాగుంటే జూన్ నుంచి ఆ కుర్చీ నాది, బాగాలేకపోతే వేరే మనిషిని చూసుకుంటారు. నాకిచ్చిన పాఠం కిరణజన్య సంయోగక్రియ. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తానని ఎగిరి గంతేశాను.

ప్రయోగం చాలా సులువు. రెండు మందార మొక్కలు తీసుకుని ఒకదాన్ని ఎండలో, ఇంకోదాన్ని రెండు రోజులపాటు చిమ్మచీకట్లో ఉంచాలి. తర్వాత ఒక్కోదాని నుంచి ఒక ఆకు తెంపి, వేడినీళ్లలో ఉడికించి, స్పిరిట్‌లో పచ్చదనమంతా పోగొట్టి, మీద అయోడిన్ చుక్కలు వేయాలి. ఎండలో ఉన్న ఆకు తన తిండి తాను వండుకుని ఉంటుంది, ఆ పిండిపదార్థం వల్ల నల్లటి నీలంగా మారుతుంది. చీకట్లో ఉన్న ఆకుకు నీలం రాదు. అంతే పాఠం. అయితే మా ల్యాబులో అల్మరాలన్నిటికీ అద్దాల తలుపులే. మా ఇంట్లో వెలుతురు చొరబడని జాగా ఒక్కటే, అది అత్త బీరువా.

అత్తవాళ్ల పెద్దలు ఎన్ని తరాల కిందట ఈ తమిళ ఊరికొచ్చారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడుతుంది. ఎన్నూరులో పుట్టి చూలైకి కోడలిగా వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆయాసం మనిషి, నాలుగడుగులు గబగబా వేస్తే లోపలినుంచి ఈల వినిపిస్తుంది. ఇన్‌హేలర్‌ని పంపు అంటుంది, దాన్నీ తాళంచెవి పక్కనే దోపుకుంటుంది. మా మేడ మెట్లెక్కి ఏళ్లయింది. నేనామెను 'నువ్వు' అనే అంటాను. కోపమొస్తే మాత్రం 'మీరు' అంటాను, ఆ మాట వింటే ఆమెకు సగం ప్రాణం పోతుంది.

బుధవారం పొద్దున బీరువా తలుపు వేయబోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందిమే ఇది, బీరోలో కలరా ఉండల వాసన గుప్పుమంటా ఉండాది. నాకే ఊపిరాడదు ఆడ తల పెడితే. దానికి ఊపిరాడద్దా?"

"ఊపిరాడకపోవడానికి దానికి ముక్కుందా అత్తా?" అన్నాను. సైన్సు టీచర్ని! బడికి టైమైపోతోందన్న తొందరలో నోటికొచ్చింది అనేశాను.

"ముక్కు లేకపోతే ఏమి, జీవముండాది గదా. రెండు దినాలు తిండి లేకుండా చీకట్లో... పావం మే."

"నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. నా ఉద్యోగం అందులో ఉంది."

"సెరి సెరి, నేనేల ముట్టుకుంటా" అని తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. ఆ రెండో 'సెరి' దగ్గరే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం పాఠం. భోజనాల వేళ ఇంటికొచ్చి చూస్తే మొక్క ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. నల్లగుడ్డ కప్పి బడికి పట్టుకుపోయాను. హెడ్మిస్ట్రెస్ వెనక బెంచీలో నోటుపుస్తకం తెరిచి కూర్చుంది. ముందుగా నా క్యారియర్‌లోంచి నాలుగు మెతుకులు తీసి అయోడిన్ చుక్క వేశాను. మెతుకులు నల్లబడగానే పిల్లలు "ఓ" అన్నారు. నాకు ఊపొచ్చింది. ఎండలో ఉంచిన ఆకు కూడా చెప్పినట్టే నీలంగా మారింది. ఇక చీకట్లో ఉంచిన ఆకు మీద చుక్కలు వేసి, "ఇప్పుడు చూడండి" అన్నాను.

అదీ నీలంగానే మారింది.

ముందు బెంచీ అమ్మాయి, "రెండూ ఒకటే కదా మిస్?" అంది. కుండీ వైపు చూస్తే మట్టి తడిగా ఉంది. అంచు మీద చక్కగా, గుండ్రంగా, ఒక కుంకుమ బొట్టు ఉంది. అప్పుడర్థమైంది నాకు.

పాఠం అయ్యాక హెడ్మిస్ట్రెస్ దగ్గరికొచ్చి, "రెండు రోజులు చీకట్లో ఉంచారా నిజంగా?" అని అడిగింది. ఉంచానన్నాను. "ఆకు లేదంటోంది కదా" అని పుస్తకం మూసేసింది. పాఠం పాడైనా పడేదాన్ని. అబద్ధాలకోరునైపోయానే అని కడుపు మండిపోయింది.

ఇంటికెళ్లేసరికి అత్త ములగాకు దూస్తూ కూర్చుంది.

"మీరు బీరువా తెరిచారా?"

'మీరు' వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి. "నువ్వట్ల పోంగానే తీసి మిత్తంలో పెడతా ఉంటి. నువ్వొచ్చే టయానికి మళ్లా లోపల పెట్టేస్తి. ఈ పొద్దు గూడా" అంది. మిత్తమంటే మా పాత ఇంటి నడిమధ్య ఆకాశం కనిపించే చిన్న జాగా, పదకొండింటి నుంచి సాయంత్రం దాకా అక్కడ ఎండ పడుతుంది.

"మరి ఆ కుంకుమెందుకు పెట్టారు?"

"శుక్రవారం గదా" అంది.

ఇంకోరోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆరోజు మాత్రం, "పుణ్యం కట్టుకున్నారు! నా ఉద్యోగం పోయింది, ఇంక మీరూ మీ చెట్టూ చల్లగా ఉండండి" అని అరిచి, గదిలోకి పోయి తలుపేసుకున్నాను. కిటికీలు మూసేశాను. లైటు కూడా వేసుకోలేదు. శని, ఆదివారాలు రెండూ అలాగే మంచానికి అతుక్కుని ఉండిపోయాను. పూటపూటా తలుపు బయట కంచం చప్పుడయ్యేది. "ఒక ముద్ద తినుమే" అనేది అత్త. ఆకలి లేదనేదాన్ని. మా ఆయన మా ఇద్దరి మధ్యా దూరితే ఏమవుతుందో బాగా తెలిసినవాడు, ఆ రెండు రోజులూ తన కొట్లోనే గడిపేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు అత్త మీద కన్నా నామీదే ఎక్కువ కోపం. మొక్కను తెచ్చేముందు ఆ కుండీని ఒక్కసారి పరీక్షగా చూసి ఉంటే సరిపోయేది.

సోమవారం మూడో పీరియడ్‌లో ఆయా వచ్చి, మీ అత్తగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారని చెప్పింది. హెడ్మిస్ట్రెస్ గది మూడో అంతస్తులో, మా బడికి లిఫ్టు లేదు. పరిగెత్తుకుంటూ వెళ్లి చూస్తే అత్త రెండో అంతస్తు మలుపులో గోడకు చేరగిలబడి ఉంది. జాకెట్టంతా చెమట. చేతిలో పంపు. ఈల మెట్ల కిందిదాకా వినిపిస్తోంది.

"నీకేమన్నా పిచ్చా అత్తా? ఎవరు ఎక్కమన్నారు నిన్ను?"

మూడు రోజుల తర్వాత ఆమెను మళ్లీ 'నువ్వు' అన్నానని నాకు తర్వాతగానీ తోచలేదు. ఆమె మాట్లాడలేక, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. పొద్దున తిన్న రెండిడ్లీల బలం కూడగట్టుకుని, కమ్మీ పట్టుకుని మిగతా మెట్లు కూడా ఎక్కేసింది. నేను వెనకాలే నడిచాను.

హెడ్మిస్ట్రెస్ ముందు కుర్చీలో కూలబడి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ తమిళంలో చెప్పింది. తప్పు తనది, పిల్లకు అబద్ధం చేతకాదు, బీరువాలో మొక్కకు ఊపిరాడదేమోనని తనే రోజూ ఎండలోకి తీసిందట. హెడ్మిస్ట్రెస్ ఆమెకు మంచినీళ్లిచ్చి, నావైపు తిరిగి, "చీకట్లో మొక్క ఏం చేస్తుందో ఈమెకు మీరు చెప్పలేదా?" అంది. లేదన్నాను. "పిల్లలకు?" అంది. అదీ లేదన్నాను. నిజమే, వంట గురించే చెప్పాను గానీ ఊపిరి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"అయితే వచ్చే శుక్రవారం మళ్లీ చెప్పండి. ఈసారి అదీ కలిపి" అంది.

ఆ బుధవారం అత్త తనే కలరా ఉండలన్నీ ఏరి బయట పారేసింది. మొక్క లోపల పెట్టాక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే మళ్లా తెరుస్తా" అంది. నేను ఆ ఇంటికొచ్చాక ఆమె దాన్ని బొడ్లోంచి తీసి ఇంకొకరికివ్వడం అదే మొదటిసారి.

శుక్రవారం చీకటి ఆకు మీద అయోడిన్ పడింది. నీలం రాలేదు, గోధుమరంగే. చప్పట్లు కొడతారనుకుంటే, ఆ ముందు బెంచీ అమ్మాయే లేచి, "మిస్, బీరువాలో పెట్టకముందు ఆకులో పిండి ఉంది కదా, అదెక్కడికి పోయింది?" అంది. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"ఊపిరికి ఖర్చయింది" అన్నాను. "మొక్క కూడా పగలూ రాత్రీ ఊపిరి తీస్తుంది. మనలాగే, పిల్లిలాగే, నీళ్లలో చేపలాగే ప్రాణవాయువు తీసుకుని, తిన్నదాన్ని కొంచెం కొంచెంగా బలంగా మార్చుకుంటుంది. దానికి ముక్కు లేదు, ఆకు అడుగున కంటికి కనపడని సన్నటి రంధ్రాలున్నాయి. ఎండలో వంటా జరుగుతుంది, ఊపిరీ జరుగుతుంది. ఆ వంట హడావిడిలో ఊపిరి సంగతి మనకు తెలియదు. చీకట్లో వంట ఆగిపోతుంది, ఊపిరి ఆగదు. దాచుకున్నది ఖర్చుపెట్టుకుంటూ బతుకుతుంది."

హెడ్మిస్ట్రెస్ పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "జూన్‌లో కొత్త టైంటేబుల్ తీసుకోండి" అంది.

ఇంటికి పరుగున వచ్చాను. అత్త నా మొహం చూడలేదు, ముందు నా చేతిలోంచి కుండీ లాక్కుంది. మిత్తంలో ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంటే అందులో పెట్టి, చెంబెడు నీళ్లు పోసి, అప్పుడడిగింది ఏమైందని. చెప్పాను. నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"అత్తా, నువ్వన్నదే నిజం. దానికీ ఊపిరుంది."

"నాకు తెలిసిందే గదా. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఆలస్యంగా తెలిసింది" అంది నవ్వుతూ.

"అది సరే గానీ, ఆ మెట్లన్నీ ఎందుకెక్కావు? ఒక్క ఫోన్ చేసుంటే పోయేది. నీకేమన్నా అయ్యుంటే నేనేం కావాలి?"

ఆమె కంచంలో అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"రెండు దినాలు తలుపేసుకోని చీకట్లో పడుంటివి. అన్నం ముట్టకపోతివి. చెట్టును అట్ల చూడలేకపోయినదాన్ని, నిన్నెట్ల చూస్తా మే?"

నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. మందారం పక్కనే ఆ కాస్త ఎండలో కూర్చుని నోరు తెరిచాను. అత్త ముద్ద పెట్టింది.