రంగు కింద సంతకం

కరీంనగర్‌లో పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపే నా మిత్రుడొకడు పాత గిటార్లు కొంటూ ఉంటాడు. ఒక ఆదివారం అతనితో కలిసి మంచిర్యాల దాటి ఒక బొగ్గు గనుల కాలనీకి వెళ్లాను. పత్రికలో పనిచేసిన రోజుల నుంచి అక్కడివాళ్లకు నా ముఖం తెలుసు. బేరానికి అది పనికొస్తుందని నన్ను తీసుకెళ్లాడు.

అమ్మకానికి ఉన్నది సిగ్నేచర్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్. పేరున్న కళాకారుడు తన చేతికి, తన చెవికి నచ్చినట్టు చేయించుకున్న గిటార్‌ను కంపెనీ అతని సంతకంతో అమ్ముతుంది. ఆ సంతకం గిటార్ తల మీద ఉంటుంది. సగం విలువ దానిదే.

యజమాని యాభై దాటిన గని కార్మికుడు. వయసులో ఉన్నప్పుడు దుబాయ్ హోటల్లో పనిచేస్తూ, అక్కడి బ్యాండులోని ఫిలిప్పీన్స్ అతని దగ్గర ఈ గిటార్ కొన్నాడు. తండ్రి ఆరోగ్యం చెడి గని పనికి అన్‌ఫిట్ అయి, ఆ ఉద్యోగం కొడుకుగా తనకు రావడంతో దాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. కాలనీలో అతన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఒరిజినల్ గిటారాయన అంటేనే ఇల్లు చూపిస్తారు. ఇప్పుడు భుజం దెబ్బతిని చెయ్యి లేవడం లేదు.

మేము వెళ్లేసరికి క్వార్టర్ ముందు నలుగురైదుగురు తోటి కార్మికులు కుర్చీలు వేసుకుని ఉన్నారు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. గిటార్ బయటికి తీయగానే మిత్రుడు నవ్వాడు. తల నుంచి అడుగు దాకా నల్లగా, కొత్త బైక్ ట్యాంకులా మెరుస్తోంది.

"కొనెటోళ్లు వస్తుండ్రని రంగు ఏపిచ్చిన సార్," అన్నాడాయన సంబరంగా. "బండ్లకు స్ప్రే కొట్టే షెడ్డుల."

ఇక్కడ పాత బండి అమ్మినా, పాత బీరువా అమ్మినా ముందు రంగు వేయిస్తారు. అది కొనేవాడికి ఇచ్చే మర్యాద.

"మరి సంతకమేది కాకా?" అన్నాడు మిత్రుడు.

"ఈడనే ఉండె సార్, తల మీద. రంగు కిందికి పోయింది."

"ఉండె అంటే ఎట్ల? నా నెత్తి మీద గూడ జుట్టుండె."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

మిత్రుడు గిటార్‌ను బరువు చూశాడు. ఒక కన్ను మూసి మెడ వెంట వంకర ఉందేమో చూశాడు. వెనక మూత విప్పి, ఫోన్ లైటు వేసి లోపలికి తొంగి చూశాడు. షెడ్డువాడి రంగు అక్కడిదాకా పోలేదు. మిత్రుడు చప్పున మూత బిగించాడు. తర్వాత తాను తెచ్చిన యాంప్లిఫయర్‌కు తగిలించి ఒక తీగను మీటి, వేలితో అదిమిపట్టాడు. ఆ స్వరం గరగర లేకుండా, సన్నబడకుండా చాలాసేపు నిలిచింది. కుర్చీల్లోవాళ్ల మాటలు ఆగాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"గిదే సార్! దీని గొంతు గిదే."

"గొంతు నా యాంప్‌ది కాకా. దానికి తగిలిస్తే రేడియో గూడ గిట్లనే పాడుతది. డూప్లికేట్ ఇది."

ఆ మాటతో ఆయన ముఖం పాలిపోయింది. భార్య వైపు చూశాడు, తోటివాళ్ల వైపు చూశాడు. మిత్రుడు చెప్పిన ధర చాలా తక్కువ. ఆయన దాని గురించి మాట్లాడనే లేదు.

"గంతకే తీస్కపో సార్. ఈళ్ల ముందర ఒక్కసారి ఒరిజినలే అను. సాలు."

"పెద్దమనిషివి, నాతోని అబద్ధం ఆడిపిస్తవా?" అంటూ మిత్రుడు డబ్బు చేతిలో పెట్టి, గిటార్ పెట్టె మూశాడు.

"దుబాయ్‌ల ఆడెవడో నిన్ను మంచిగనే ముంచిండు," అంది భార్య, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. "ఇన్నేండ్లు మా చెవులు తింటివి గదయ్యా దీని గురించి!"

"దుబాయ్‌ల కాదొదినె, బేగంబజార్ల కొన్నడేమో!" అన్నాడు కుర్చీలోంచి ఒకడు. ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు.

పెద్దపల్లి దగ్గర టీ కొట్టు ముందు కారు ఆపి, మిత్రుడు గిటార్ తల మీది రంగును బ్లేడుతో మెల్లగా గీకాడు. బంగారు రంగులో ఒక అక్షరం వంపు కనిపించింది. ఇంకాస్త గీకితే సంతకం సగం బయటపడింది. "అసలు సరుకు!" అని నా వీపు చరిచాడు.

అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. ఆయనే.

"సార్, ఇంటికి పోయినంక జర ఆ తల మీద గీకి సూడు. సంతకం కనబడితే మా ఇంటామెకు ఒక్క మాట చెప్పు. పైసలు ఇంకేం అడుగ."

మిత్రుడు సంతకం మీది రంగు పొడిని ఊది, బొటనవేలితో తుడిచాడు.

"ఇప్పుడే గీకిన కాకా. కింద ఉత్త కట్టెనే ఉంది."



"అట్లనా సార్. మంచిది. పైలంగ పోండ్రి."