ఇనప పంజా

షెడ్డులో అందరూ ఆయన్ని నూనె బాబాయి అంటారు. చిన్న ట్రాక్టర్లకు దుంగలు పట్టే ఇనప పంజాలు బిగించడం ఆయన పని. నూనె గొట్టాల మూతులను చంటిపిల్ల ముక్కు తుడిచినట్టు చొక్కా అంచుతో తుడుస్తాడు. బోల్టు మొరాయిస్తే "రా తల్లీ, అలగకు" అని బతిమాలుతాడు. ఆ ఉదయం ఒకావిడ భర్తను వెంటబెట్టుకొచ్చి, అన్నిటికంటే పెద్ద పంజా కావాలంది.

"వద్దమ్మా, దుంగ ఎత్తగానే మీ బండి వెనక చక్రాలు లేస్తాయి. ఈ చిన్నది చాలు. పిట్ట కొంచెం, కూత ఘనం" అన్నాడు బాబాయి. బిగించాక, ముందు పెట్టిన దుంగను పట్టి చూడటానికి భర్త సీటెక్కాడు. జబ్బు చేసినప్పటి నుంచి అతని కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. పంజా మూయాలంటే లివరు వెనక్కి లాగాలి, చెయ్యి జారిపోతోంది. "ఇక నావల్ల కాదులేవే" అని భార్యతో అంటూ తల దించుకున్నాడు. బాబాయి ఇంజను ఆపించి, పంజాను తెరిచి మూసే రెండు నూనె గొట్టాలూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. "తిరగేసి పెట్టావేంటి బాబాయ్!" అని పక్కనున్న మెకానిక్ నవ్వాడు. "నువ్వూరుకోరా. అన్నా, ఇంజను వేసి, ఇప్పుడు అరచేత్తో ముందుకు తొయ్యి." అతను తోశాడు. ఇనప వేళ్లు నెమ్మదిగా ముడుచుకుని దుంగను పట్టుకున్నాయి. "బాగుందిగా, ఇక వదిలెయ్యండి" అంది భార్య.

"ఉండవే. కాసేపు పట్టుకోనీ."