మాటల్లేని ఇంటి నీళ్లు

మధ్యాహ్నం నుంచి వీరణం మోగుతోంది. మా పాత్రల దుకాణం గుడికి దూరంగానే ఉన్నా ఆ డోలు దెబ్బ ఇక్కడి ఇత్తడి బిందెల్లోకి వచ్చి చేరుతుంది. చెయ్యి ఆనిస్తే బిందె అంచు సన్నగా వణుకుతూ ఉంటుంది. మార్కాపురంలో వీరభద్రస్వామి తిరునాళ్ల వచ్చిందని తెలియడానికి నాకు క్యాలెండర్ అక్కర్లేదు, దుకాణమే చెబుతుంది. ఆ వణుకు వేలికి తగిలినప్పుడల్లా మా మామ శరభయ్య గుర్తొస్తాడు. "అశ్శరభ శరభ" అంటూ ఆయన ఖడ్గం పైకెత్తితే గుడి ముందున్న పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. ఆ కేక మీరు వినలేదు కాబట్టి మొదటి నుంచి చెప్పాలి.

శరభయ్య నా భర్త రమణకు తండ్రి. ఈ దుకాణం ఆయన పెట్టిందే. మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఒకాయన బిందెను తిప్పి తిప్పి చూసి "సొట్ట ఉన్నట్టుందే" అన్నాడు. మామ ఆ బిందె లాక్కుని "సొట్ట నీ కంట్లో ఉంది, పో" అని తరిమేశాడు. ఇలాంటి మనిషి చేతికి కత్తి ఎవరిచ్చారా అని నాకు భయమేసింది. వ్యాపారం ఎలా సాగుతోందా అని కూడా అనుకున్నాను.

ఖడ్గాలు చదవడమంటే స్వామి ముందు కత్తి పట్టుకుని, వీరణం దెబ్బకు అడుగులు వేస్తూ, దక్షయజ్ఞంలో స్వామి చూపిన వీరత్వాన్ని గుక్క తిప్పుకోకుండా చదవడం. మా వీధిలో దానికొక కట్టుబాటు ఉంది. తిరునాళ్ల ఉదయం ఖడ్గం పట్టే మనిషి తనకు మాటల్లేని ఇంటికి వెళ్లి, నోరు తెరిచి అడిగి, నీళ్లు తాగి రావాలి. సాయంత్రం పూజారి అందరి ముందూ "తాగినావా?" అని అడుగుతాడు. "తాగినా" అంటేనే కత్తి చేతికొస్తుంది. మామకు మాటల్లేని ఇంటికి కొదవ లేదు. ఎదురు దుకాణం సుబ్బయ్యతో ఏడాది పొడవునా తగాదానే. మా బేరాన్ని పిలిచాడని ఒకసారి, మా గుమ్మం వైపు ఊడ్చాడని ఒకసారి. తిరునాళ్ల రోజు మాత్రం ఆయన ఇంటికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చేవాడు. మర్నాడు మళ్లీ మొదలు.

"ఏంది మామా, ఆ నీళ్లు రేపటిదాకా కూడా ఆగవే" అనేదాన్ని నేను.

"కత్తి దించేదాకా ఆగితే చాల్లేమ్మా" అని నవ్వేవాడు.

ఆ నవ్వు రమణతోనే పోయింది. తర్లుపాడులో ఒక పెళ్లివారికి పాత్రలు దింపి, మోటారు సైకిల్ మీద వస్తుంటే మసక చీకట్లో లైటు లేని ట్రాక్టరు ఎదురొచ్చింది. నడిపినవాడు తర్లుపాడు కాశయ్య. లైటు పాడైందని తెలిసే రోడ్డెక్కించాడు. కురిచేడు నుంచి మా నాయన వచ్చి పుట్టింటికి రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. మామను ఒంటరిగా వదలలేక ఉండిపోయానని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఆ కాశయ్యను నాతో సమానంగా ద్వేషించే మనిషి ఈ ఇంట్లోనే ఉన్నాడు, అందుకే ఉన్నాను.

తిరునాళ్ల దగ్గర పడుతుంటే వీధి పెద్దలు ఇంటికి వచ్చారు. "కొడుకును పోగొట్టుకున్నోడివి. ఆ కాశయ్య ఇంటికి నువ్వు పోవద్దులే, నీకు ఈ ఏడు కూడా సుబ్బయ్య ఇంటి నీళ్లే చాలు శరభయ్యా. స్వామికి తెలవదా ఏంది" అన్నారు. వాళ్లు వెళ్లగానే నేను తెగేసి చెప్పాను. "ఆ తర్లుపాడు గడప తొక్కితే నేను ఈ గడపలో ఉండను మామా."

తిరునాళ్ల సాయంత్రం పూజారి అడిగాడు. "తాగినా" అన్నాడు మామ. ఖడ్గం ఎత్తాడు. కేక బాగానే వేశాడు, అడుగు కూడా బాగానే పడింది. సగం చదువులో గొంతు ఆగిపోయింది. డోలు వాయించేవాళ్లు కాసేపు అలాగే వాయించి, వాళ్లూ ఆగిపోయారు. "నేను తాగింది సుబ్బయ్య ఇంట్లో. పోవాల్సింది ఆడికి కాదు" అని చెప్పి కత్తిని స్వామి పాదాల దగ్గర పెట్టి దిగి వచ్చేశాడు. ఖడ్గం మధ్యలో ఆగడం మా వీధి ఎరుగదు. అపశకునం అన్నారు కొందరు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎందుకు మామా నలుగుర్లో? వాళ్లే వద్దన్నారు గదా" అన్నాను ఇంటికొచ్చాక.

"వాళ్లు వద్దన్నారమ్మా. కత్తి ఎత్తంగానే నా కళ్లముందుకు స్వామి రాలే, వాడొచ్చినాడు. నరకాలనిపించింది. అట్ల పట్టేది ఖడ్గం ఎట్లవుతాది?"

"నాకు రోజూ అనిపిస్తాది. తప్పా?"

"తప్పని ఎవురన్నారు తల్లీ? నీకు కత్తి ఇయ్యట్లా. నాకు ఇస్తన్నారు."

వీరుడంటే ఎదుటివాణ్ని గెలిచేవాడని నేను అనుకునేదాన్ని. ఆ ఏడాది నేను చూసిన యుద్ధం వేరు. దుకాణం నాకు అప్పగించి మామ తర్లుపాడు బస్సెక్కేవాడు. ఒకసారి సగం దారిలోనే దిగి వెనక్కి వచ్చాడు. ఇంకోసారి ఊళ్లోకి వెళ్లి, కాశయ్య వీధి మొదట నిలబడి వచ్చాడు. ఎటూ వెళ్లాను కదా అన్నట్టు వస్తూ వస్తూ వంకాయలో, గోంగూరో తెచ్చేవాడు. "యుద్ధానికి పోయి కూరగాయలు తెచ్చినట్టుంది నీ కథ" అని నేను దెప్పేదాన్ని. "ఓడిపోయినోడు గూడా అన్నం తినాల గదమ్మా" అని సంచి నా చేతికిచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది, ఆ వంకాయలే వండేదాన్ని.

మరుసటి తిరునాళ్ల ఉదయం స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. "పోతన్నానమ్మా. నీ కోపం తీసకపోవట్లా. నాదే తీసకపోతన్నా. నీది నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఇల్లు వదిలి పోతానన్నదాన్ని చెప్పులేసుకుని ఆయన వెంట ఆటో ఎక్కాను. కాశయ్యను నాలుగు మాటలు కడిగేసి రావాలని నా ఉద్దేశం.

మమ్మల్ని చూడగానే కాశయ్య మంచం మీంచి లేచి గోడకు ఆనుకుపోయాడు. కొట్టడానికి వచ్చామనుకున్నాడేమో. "కాసిన్ని నీళ్లు ఇయ్యమ్మా" అని మామ కాశయ్య భార్యను అడిగాడు. ఆమె పరుగున లోపలికి వెళ్లి కొత్త గ్లాసులో క్యాను నీళ్లు తెచ్చింది.

"ఇవి గాదు. మీరు రోజూ తాగేవే పొయ్యి."

"బోరు నీళ్లు పెద్దాయనా, ఉప్పగా ఉంటయ్. మీకు సయించవు."

"పొయ్యమ్మా."

ఆమె చెంబుతో తెచ్చింది. మామ తాగడం మొదలుపెట్టాడు. మధ్యలో గుటక పడలేదు. కళ్లు మూసుకుని, నీళ్లు నోట్లోనే పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆయన మెడ నరాలు చూస్తుంటే నేను కడిగేద్దామనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. చివరికి మింగాడు, చెంబు ఖాళీ చేశాడు. ఆమె ఇంకో చెంబు నా వైపు చాపింది. నేను మొహం తిప్పుకున్నాను. తాగమని మామ అనలేదు. కాశయ్య ఏడుస్తూ కాళ్ల మీద పడబోతే మాత్రం వెనక్కి జరిగాడు. "వద్దు కాశయ్యా. నిన్ను క్షమించినానంటే అబద్ధమవుతాది. దప్పికై వచ్చినా, తాగినా, పోతన్నా."

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను. "కోపం పోయిందా మామా?"

"యాడికి పోతాదమ్మా? ఉంది. ఇన్నాళ్లూ అది నన్ను తిప్పింది. ఇయ్యాల నేను దాన్ని తర్లుపాడు దాకా తీసకపోయి తీసకొచ్చినా."

ఆ సాయంత్రం ఆయన చదివిన ఖడ్గం గురించి వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఆ చదువు వినిపించలేదు, ఏడుస్తూ ఉన్నాను. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఏటా ఆ ఇంటికే వెళ్లాడు. నేను మళ్లీ వెంట వెళ్లలేదు.

పోయిన వానాకాలంలో మామ కన్ను మూశాడు. పెద్దకర్మ రోజు చుట్టాలు భోజనాలకు కూర్చుంటుండగా, రోడ్డు అవతల కాశయ్య నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. నా చూపు తగలగానే తల దించుకుని గుమ్మం దాకా వచ్చాడు. "పెద్దాయన ఏటా మా ఇంట తాగినాడు. ఆయన ఇంట కాసిన్ని నీళ్లు ఇస్తావా తల్లీ?" అన్నాడు. నేను లోపలికి వెళ్లాను. చుట్టాల కోసం తెప్పించిన క్యాన్లు దాటుకుని, మేం తాగే కుండలో చెంబు ముంచాను. ఇచ్చేటప్పుడు ఆ మనిషి మొహం చూడలేకపోయాను, గొంతునే చూశాను. ఆయనకూ మధ్యలో గుటక పడలేదు.

క్షమించానా అని మీరడిగితే మామ చెప్పిన జవాబే నాది. రమణ గుర్తొస్తే నాకిప్పటికీ ఆ ట్రాక్టరు మీద, ఆ మనిషి మీద కడుపు రగులుతుంది. మామ నాకు శాంతి నేర్పలేదు, ఆయన దగ్గర అది లేదు కూడా. తన కోపాన్ని చెయ్యి పట్టుకుని నడిపించడం మాత్రం చూపించి పోయాడు. నీళ్లు ఇవ్వడం ఎలాగో నాకు చేతనైంది. కాశయ్య గుమ్మంలో నిలబడి అడగడం చేతకాలేదు. నాకు ఖడ్గం ఎవరూ ఇవ్వరు, నన్నెవరూ "తాగినావా?" అని అడగరు. అయినా ఈ ఉదయం దుకాణం తెరవకుండా తర్లుపాడు ఆటో ఎక్కాను. కాశయ్య వీధి మొదటి దాకా వెళ్లాను. చాలాసేపు నిలబడ్డాను.

వస్తూ వస్తూ వంకాయలు తెచ్చాను.