పట్టికలో ఒకటో వరుస

మొన్న మంగళవారం పొద్దున మా పీఈటీ సారు పోయారు. కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు వేస్తూ పడిపోయారట. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. కబురు వినగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, విరిగిన ఎడమ చిటికెన వేలు. అది విరిగింది నా వల్లే.

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన ఏటా కబడ్డీ పోటీలు పెట్టేవారు. పదహారు జట్లకే చోటు. సాతంరాయి నుంచి తుక్కుగూడ దాకా కెప్టెన్లు వచ్చేవారు. వచ్చిన వరుసలో సారు బడి గోడ మీద బొగ్గుతో ఊరి పేరు రాసేవారు. కాగితం మీద రాయొచ్చు కదా అంటే, "కాగితం నా జేబుల ఉంటది బిడ్డా. గోడ అందరికి కనవడ్తది" అనేవారు.

నాకప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది, చేతిలో కొత్త ల్యాప్‌టాప్. పేర్లు ఆన్‌లైన్‌లో తీసుకుందామని పట్టుబట్టి రెండు సైట్లు చూపించాను. ఒకటి రంగులతో ముచ్చటగా ఉంది, కానీ జాబితా మాకు తప్ప ఎవరికీ కనబడదు. రెండోది వట్టి గడుల పట్టిక; ఎవరు తెరిచినా అన్ని పేర్లూ కనబడతాయి. సారు రెండోదాన్నే చూపించారు. "గిది గోడ లెక్క ఉన్నది." నేను ఆయనకు చెప్పకుండా మొదటిదే పెట్టాను. పదహారు దాటితే ఆపాలన్న సంగతి కూడా మరిచాను.

ఆట రోజు పదహారో చోటుకు రెండు ఊళ్ళు దిగాయి. ఇద్దరి ఫోన్లలోనూ పేరు అందినట్టు మెసేజ్ ఉంది. "మా పేరు కొట్టేసి వాళ్ళది రాస్కున్నరు" అని ఒకడు అరిచాడు. అంతే, కుర్చీలు లేచాయి. టెంటు గుంజలు ఊడొచ్చాయి. ఎవరిదో పన్ను నెత్తుటితో సున్నం గీత మీద పడింది. ఒకడి మెడ మీద మోకాలు వేసి ఇంకొకడు మట్టి తినిపిస్తున్నాడు. తల మీదుగా విమానం దిగుతుంటే కేకలు వినబడలేదు, తెరుచుకున్న నోళ్ళే కనబడ్డాయి. ఒక కెప్టెన్ ఇనుప రాడ్ ఎత్తి నా ల్యాప్‌టాప్ మీదికి వచ్చాడు. సారు చెయ్యి అడ్డం పెట్టారు. అప్పటికి విమానం దాటిపోయింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను.

నెత్తురు కారుతుండగానే ఆయన, "తప్పు మాదే బిడ్డా. కూసో" అన్నారు వాడితో. కేసు వద్దన్నారు. నాతో మాత్రం తర్వాత ఒక్క మాట: "చెప్పకుంట చేసినవు చూడు, దెబ్బ గాడ తాకింది."

ఆ తర్వాత ప్రతి ఏడూ పదహారు వరుసల గడుల పట్టికే. తెరవగానే సారు పరీక్షకని ఒకటో వరుసలో తన పేరు టైపు కొట్టి చూసి తుడిపేసేవారు. వంగని వేలు పక్క మీటల మీద పడి అక్షరాలు తప్పేవి. "నీ ఇంజనీరింగు పుణ్యం" అని ఎక్కిరించేవారు.

ఈసారి పోయే ముందురోజు, సోమవారం కొట్టారు, తుడపలేదు. దాని కిందే పదిహేను ఊళ్ళు చేరి పట్టిక నిండిపోయింది. నిన్న ఫోన్ మోగింది. ఆనాడు రాడ్ ఎత్తిన కెప్టెన్.

"అక్కా, మా ఊరి పేరు ఎక్కుతలేదు. నిండిందంటున్నది."

"ఒకటో వరుస తీసేస్తే నీకు చోటొస్తది. తియ్యాల్నా?"

పట్టిక తెరిచి చూస్తున్నట్టున్నాడు. సారు పేరు మెల్లగా చదవడం వినబడింది.

"వద్దక్కా, ఉండనియ్. సారు ఇడిసిన గీతలు మేమేస్తం."

ఒకటో వరుసలో సారు పేరు అట్లాగే ఉంది. ఊరి పేరు రాయాల్సిన గడిలో, రెండు తప్పక్షరాలతో, "పని చేస్తున్నదా" అని. దాని కింద పదిహేను ఊళ్ళు.