తుడవని తలుపు

నాచారం షెడ్డులో నా పక్క లేతు మిషను మీద పనిచేసే అన్నకు ఒక అలవాటుండేది. పని కొలతైనా ఇంటి సంగతైనా ముందు పనిముట్ల బీరువా మీద చాక్‌పీసుతో రాసుకునేవాడు. మస్కట్‌లో రెండేళ్ల పనికి వీసా వచ్చినప్పుడూ అంతే. ఒక తలుపు మీద ‘పోతే’, రెండో తలుపు మీద ‘ఉంటే’ అని రాశాడు.

‘పోతే’ కింద రెండే పడ్డాయి: మూడింతల జీతం, ఉప్పల్‌లోని రేకుల ఇంటికి స్లాబు. ‘ఉంటే’ కింద మాత్రం వారమంతా రోజుకొకటి చేరింది. బిడ్డకు ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నయి. ఇంట్ల పెండ్లాం ఒక్కతే. బోనాలు. ఆఖరికి మా ఇద్దరి పగటి చాయ్ కూడా.

"ఇంకెందుకన్నా పోవుడు? ఉండుడే మంచిగున్నది గదా" అన్నాను.

అన్న గుడ్డ తీసుకుని ‘పోతే’ అన్న తలుపు తుడిచేశాడు. మానుకున్నాడనుకున్నాను.

"పోతున్న తమ్మీ. ఈడ గిన్ని ఉన్నయి గాబట్టే మల్ల వస్త. గీ తలుపు మాత్రం తుడువకు."

రెండేళ్లు దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. తిరిగొచ్చిన అన్న ముందు బీరువా దగ్గరికే నడిచాడు. బిడ్డకు మాటలొస్తున్నయన్న రాతను కాసేపు చూసి, బొటనవేలితో చెరిపి, ఆ చోటే రాశాడు: ‘బిడ్డను బడికి నేనే తోలుకపోవాలె.’