హెడ్ రూమ్ వదిలి తీసిన ఫోటో

“ఫోన్ అంత పైకి పట్టినవేందే, హెడ్ రూమ్ ఎక్కువైతది” అన్నాడు మా ఆయన.

“నువ్వు కదలకుండ కూసో. నేను చూస్కుంట” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. యూనియన్ కార్డుకి ఫోటో కావాలంటే బోరబండలో మా ఇంటి గోడకు ఆనించి కూర్చోబెట్టి తీశాను. ఆ తర్వాత స్నానానికని వెళ్ళినవాడు అక్కడే పడిపోయాడు, మళ్ళీ మాట్లాడలేదు. బతుకంతా సినిమాలకు స్టిల్ ఫోటోలు తీసిన మనిషి, దేవుణ్ణి తలుచుకోవాల్సిన వేళ పెళ్ళాం తీసే ఫోటోలో తప్పు పట్టి పోయాడు. మొదట్లో అది తలుచుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడుపులో నవ్వు కూడా కలుస్తోంది. ఎందుకంటే ఆ హెడ్ రూమ్ అనే మాటతో మాకు పాత లెక్క ఒకటుంది. నాకు సంతకం వరకే చదువు, కాబట్టి నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. (నా గొంతు బొంగురని చెవులు మూసుకోకు బిడ్డా, రాయి.)

పెళ్ళయిన కొత్తలో నాకు భయం కానిది లేదు. లిఫ్టంటే భయం, గాజు తలుపంటే భయం, అన్నిటికన్నా ఇంగ్లీషు మాటంటే భయం. ఎవరి నోట ఇంగ్లీషు ముక్క వచ్చినా అది నన్ను పనిలోంచి తీసేసే ముక్కే అనిపించేది. అంతకుముందు జూబ్లీహిల్స్‌లో నాలుగిళ్ళల్లో అంట్లు తోమి, వేళ్ళ సందులు ఒరిసిపోయి, అన్నం కలుపుకుంటే మండేవి. మా ఆయన ఎవరినో బతిమాలి ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గర చీరలు ఇస్త్రీ చేసే పని ఇప్పించాడు. పొడి చేతులతో చేసే పని. అది పోతే మళ్ళీ అంట్లే. అందుకే కాస్ట్యూమ్స్ పెద్దాయన ఎదురొస్తే గోడకు అతుక్కుపోయేదాన్ని. కోస్తా మనిషి, గొంతు పెంచడు, అదే ఇంకా భయం. ఆయన్ని అందరూ ‘హెడ్డు’ అనేవాళ్ళు.

ఒక సీను నాలుగు రోజులు తీస్తే నాలుగు రోజులూ హీరోయిన్ చీర కుచ్చిళ్ళు, పూలు, నగలు ఒక్కలాగే ఉండాలి కదా. అందుకని షాట్ అయిపోగానే అన్నీ కనపడేలా ఒక ఫోటో తీసి పెట్టుకుంటారు. ఆ పని చూసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. హెడ్డు నన్ను పిలిచి, రాయడం రాకపోతే పోనీ, మీ ఆయన ఫోటోలవాడే కదా, నేర్చుకుని సోమవారం నుంచి నువ్వే తియ్యమన్నారు. తేడా వస్తే ఇస్త్రీకి కూడా రానక్కర్లేదని కూడా అన్నారు, చాలా మెత్తగా.

ఆ ఆదివారం మా ఆయన నన్ను ఇంటి వెనక బండల మీదికి తీసుకుపోయి, పక్కింటివాళ్ళ మేకను ఎదురుగా నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఫోటోలో దేన్నీ నట్టనడుమ పెట్టకూడదట, ఒక పక్కకు జరిపితేనే అందమట. గుళ్ళో దేవుణ్ణి కూడా నడిమధ్యే కదా పెడతారని నేను అడ్డం తిరిగాను. దేవుడికి కెమెరా లేదు గాని చెప్పింది చెయ్యమన్నాడు. బటన్ సగం నొక్కితే ఆకుపచ్చ డబ్బా ఒకటి కనబడుతుంది, దాన్ని కంటి మీద నిలిపి, ఊపిరి బిగబట్టి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. నేను మేక కన్నును వెతుకుతూ ఊపిరి బిగబట్టాను, అదేమో తల తిప్పుతూనే ఉంది. “ఊపిరి తీస్కోవే, పోతవ్” అన్నాడు మా ఆయన. ఆ మాటకు నేను బుస్సున వదిలేసరికి మేక బెదిరి పారిపోయింది. అది ఇంకాసేపు నిలబడి ఉంటే మిగతా పాఠం కూడా అయ్యేదేమో.

సోమవారం హీరోయిన్‌ది పెళ్ళికూతురి వేషం. సినిమా వచ్చేదాకా అది బయటివాళ్ళ కంట పడకూడదని, గేటు దగ్గర అందరి ఫోన్ కెమెరాల మీదా స్టిక్కర్లు అంటించారు. షాట్ అయింది, ఆవిడ నగలు తీయించుకోవడానికి హెడ్డు గదిలోకి వచ్చి కూర్చుంది. ఆయన లేరు. నేను కెమెరాలో ఆవిడ కన్ను వెతుకుతుంటే, ఆ సినిమాకే స్టిల్స్ తీస్తున్న మా ఆయన తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, “హెడ్ రూమ్ వదిలి తియ్యి, మర్చిపోకు” అని చెప్పి, డైరెక్టర్ పిలిస్తే పరుగెత్తాడు.

తల పైన కాస్త ఖాళీ వదలమని ఆయన చెప్పిన మాట. నాకేం తెలుసు? హెడ్డు రూమ్ వదిలేసి బయట తియ్యమన్నాడని నాకు అర్థమైంది. తన గదిలో ఫోటోలు తీస్తే ఆయనకు కోపమేమో, మా ఆయన ముందే హెచ్చరించాడు కాబోలు అనుకుని, మనసులో దండం కూడా పెట్టుకున్నాను. “హెడ్ రూమ్ వదిలి తియ్యాలంట మేడమ్” అని హీరోయిన్‌ను లేపాను. ఆవిడ ఉత్తరాది పిల్ల, తెలుగు కొత్త. ఇది కూడా మన పద్ధతే అనుకుందేమో, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నా వెనకే వచ్చింది. ఎండ బాగుందని వెనక పొట్టి ప్రహరీ దగ్గర నిలబెట్టాను. కన్ను దొరికింది, ఊపిరి బిగబట్టాను, నొక్కాను. కెమెరా దించి చూస్తే గోడ అవతల రోడ్డు మీద ఒక ఆటో ఆయన ఫోన్ మా వైపే ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

వెనక నుంచి హెడ్డు వచ్చారు. “ఈవిణ్ణి బయటికి ఎవరు తీసుకురమ్మన్నారమ్మా?” అన్నారు. మా ఆయన పేరు చెబితే ఒకే ఇంట్లో రెండు ఉద్యోగాలు పోతాయి. “ఎవరు చెప్పలే సార్, నాకే అనిపించింది” అన్నాను. హీరోయిన్ ఊరుకుంటే కదా. హెడ్ రూమ్ వదలాలని చెప్పానని, వచ్చీరాని తెలుగులో మొత్తం అప్పజెప్పింది. ఆయన నన్నూ తన గది తలుపునూ మార్చి మార్చి చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. మేనేజర్‌ను పంపి ఆటో ఆయన్ని లోపలికి పిలిపించారు.

వాళ్ళు వచ్చేదాకా నా వేళ్ళ సందులు అప్పుడే మండుతున్నట్టు అనిపించింది. ఆటో ఆయన అమాయకంగా ఫోన్ చూపించాడు. బండికి కొత్త రంగు వేయించి, ఇంటావిడకు పంపడానికి ఫోటో తీశాడట. పసుపు ఆటో నట్టనడుమ, అంచు నుంచి అంచు దాకా ఆటోనే. హీరోయిన్ చీర కొంగు కూడా లేదు. ఆయనకు మా ఆయన పాఠం తెలిసి ఉంటే, ఆటోను అందంగా ఒక పక్కకు జరిపేవాడు, రెండో పక్క మా పెళ్ళికూతురు నిండుగా పడేది. దేవుడు నడిమధ్య ఎందుకుంటాడో నాకు ఆ రోజు తెలిసింది.

హెడ్డు నా కెమెరా తీసుకుని చాలాసేపు చూశారు. జరీ పోగు పోగూ కనబడుతోందన్నారు. “పాపిట బిళ్ళ ఏదమ్మా?” అన్నారు. చూస్తే హీరోయిన్ నుదురు పైన ఫోటోయే లేదు. “రేపు రా. నా గదిలోనే తియ్యి, తలతో సహా” అని వెళ్ళిపోయారు.

సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే యూసుఫ్‌గూడ దాటాక మా ఆయన వీపు కదలడం మొదలైంది. నా వల్ల ఎంత మాట పడ్డాడో, ఏడుస్తున్నాడని నేనూ ఏడ్చాను. బండి పక్కకు ఆపి, ట్యాంకు మీదికి వంగి వంగి నవ్వాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. ఆ రోజు గోడ పక్కన వణికిన పిల్ల ఇప్పుడు కనబడితే, అంత భయమెందుకే పిచ్చిదానా అని అడగాలని ఉంటుంది. అది నా చేతులు చూసి, నీకేం, ఉద్యోగం మిగిలింది గనుక నవ్వుతున్నావ్ అంటుంది. నిజమే కదా.

ఏది బిడ్డా, ఏం రాసినవో జర చదివి వినిపియ్యి. మెల్లగ.